లావు అక్షరం సరే, లోపలి తెలుపు మాటేమిటి? స్లాబ్ సెరిఫ్ ఫాంట్ ఎంచుకునేవారికి

దుకాణం బోర్డుకో, పుస్తకం అట్టకో, వెబ్‌సైటు శీర్షికకో ఇంగ్లీషు అక్షరాలు గట్టిగా నిలబడాలి అనుకున్నవాళ్లు తిరిగి తిరిగి వచ్చి ఆగేది స్లాబ్ సెరిఫ్ దగ్గరే. మామూలు సెరిఫ్ అక్షరాలకు కొసల్లో సన్నటి ముక్కులుంటాయి. వీటికి దిమ్మెలుంటాయి. పెద్ద 'ఐ' రాస్తే కింద ఒక పలక, పైన ఒక పలక పెట్టిన స్తంభంలా కనిపిస్తుంది. ఫాంట్ల జాబితా తెరిచి చూస్తూ పోతే పది దాటేసరికి అన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి. విసుగొచ్చి అన్నిట్లోకీ లావైనది తీసుకుంటాం. నేను చూసిన చెడ్డ బోర్డుల్లో సగానికి సగం అలా తయారైనవే.

బెజవాడలో చాలా ఏళ్లుగా బోర్డులూ అట్టలూ డిజైన్ చేస్తున్నాను. అందులో నాకు బాగా ఒంటబట్టింది ఒక్కటే. లావు అక్షరాన్ని చదివించేది దాని నలుపు కాదు, ఆ నలుపు మధ్య మిగిలిన తెలుపు. చిన్న 'ఈ' కన్నులో, చిన్న 'ఏ' కడుపులో, 8 అంకె రెండు గదుల్లో ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. ఫాంట్ మీ పనికి పనికొస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ముందు చూడాల్సినవి

మొదటిది ఎంత దూరం నుంచి చదవాలన్నది. బోర్డులవాళ్లు సాధారణంగా పాటించే లెక్క ఒకటుంది: ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం ఎత్తు 1 అంగుళం. రోడ్డుకు అవతల 60 అడుగుల దూరంలో ఉన్నవాళ్లు సులువుగా చదవాలంటే 6 అంగుళాల అక్షరం కావాలన్నమాట. మీ బోర్డులో అంత ఎత్తు పట్టకపోతే మరీ లావు ఫాంట్ జోలికి పోవద్దు.

రెండోది, దాన్ని దేని మీద, ఎలా చేస్తారన్నది. ఫ్లెక్సీ మీద సిరా కాస్త పాకుతుంది. సంచుల మీద, టీ షర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ అయితే ఇంకా పాకుతుంది. రేడియం స్టిక్కర్ షాపులో ప్లాటర్ యంత్రం కోసిన అక్షరాల్లోంచి అక్కర్లేని ముక్కలు చేత్తో పీకుతారు. ఏసీపీ షీటు (బోర్డులకు వాడే అల్యూమినియం పూత పలక) మీద ఎల్‌ఈడీ అక్షరాలు నిలబెట్టాలంటే గీత లోపల లైట్లు పట్టేంత వెడల్పుండాలి. స్లాబ్ సెరిఫ్ ఈ పనులన్నిటికీ మంచిదని పేరు తెచ్చుకుంది. కారణం, దాని గీతల్లో సన్నం, లావు తేడా తక్కువ. తెగిపోయే వెంట్రుకలాంటి గీతలు దాదాపుగా ఉండవు.

మూడోది, నిలువు గీత దిమ్మెను కలిసే మూల. కొన్నిటిలో గీత మెత్తగా వంగి దిమ్మెలోకి దిగుతుంది. కొన్నిటిలో మూలమట్టం పెట్టి కొట్టినట్టు నిట్టనిలువుగా కలుస్తుంది. చూడ్డానికి ఇది చిన్న తేడాయే. బోర్డు మొత్తం స్వభావాన్ని మార్చేది మాత్రం ఇదే.

నాలుగోది, ఫాంట్‌లో ఎన్ని బరువులున్నాయన్నది, అంటే సన్నం నుంచి లావు దాకా ఎన్ని మందాల్లో దొరుకుతుందన్నది. ఒకే బరువుతో వచ్చే ఫాంట్ పేరు రాయడానికి సరిపోతుంది, కింద చిరునామా దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఆపైన ₹ గుర్తు, పక్కన ఉండే తెలుగు. ఈ రెండింటి గురించి విడిగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర దెబ్బ తగిలేది ఎక్కువగా వాటి దగ్గరే.

ఒక్క చూపులో

| రకం | ఉదాహరణలు | బాగా నప్పే పని | జాగ్రత్త |
|---|---|---|---|
| పోస్టర్ లావు | ఆల్ఫా స్లాబ్ వన్, అల్ట్రా, బెవాన్ | రెండు మూడు మాటల పేరు, పెద్ద సైజు | చిన్న సైజులో కన్నులు మూసుకుపోతాయి |
| క్లారెండన్ రకం | క్లారెండన్, బెస్లీ | పాతకాలపు నమ్మకం చూపాల్సిన చోట, పుస్తకం అట్ట | చోటు ఎక్కువ తింటుంది |
| జ్యామితి రకం | రాక్‌వెల్, రాకిట్ | బోర్డు, లోగో, తెలుగు పక్కన పెద్ద అక్షరాలు | పేరాలు పేరాలుగా చదవడం కష్టం |
| చదివే రకం | రోబోటో స్లాబ్, జిల్లా స్లాబ్, బిట్టర్ | వెబ్‌సైటు, సావనీరు, ధరల పట్టిక | దూరం నుంచి అంత గట్టిగా పలకదు |

పోస్టర్ లావు: అరవడానికి పుట్టిన అక్షరం

స్లాబ్ సెరిఫ్ పుట్టిందే గోడ మీద అరవడానికి. 1810ల దశకంలో లండన్‌లో లాటరీలు, నాటకాల ప్రకటనలు ఒకదాని మీద ఒకటి అంటించేవారు. పుస్తకాల కోసం చేసిన సన్నటి అక్షరాలు ఆ గోడల మీద ఎవరి కంటా పడేవి కావు. విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అచ్చుల తయారీదారు దిమ్మెల అక్షరాలు పోతపోసి వాటికి 'యాంటిక్' అని పేరు పెట్టారు. రాబర్ట్ థోర్న్ చేసిన అక్షరాలు ఆయన పోయాక 'ఈజిప్షియన్' పేరుతో బయటికొచ్చాయి. నెపోలియన్ దండయాత్ర తర్వాత యూరప్‌లో ఈజిప్టు మోజు నడుస్తున్న రోజులవి. పేరుకు ఈజిప్టే గానీ, ఆ దేశానికీ ఈ అక్షరాలకూ సంబంధం లేదు. పాత పుస్తకాల్లో స్లాబ్ సెరిఫ్‌ను ఈజిప్షియన్ అని రాస్తే తికమక పడకండి.

థోర్న్ అక్షరాల ధోరణిలో ఇవాళ ఉచితంగా దొరికేది ఆల్ఫా స్లాబ్ వన్. దీనికి ఒకే ఒక్క బరువు, వాలు అక్షరాలు లేవు. రెండు మాటల పేరు అడుగు ఎత్తున రాయండి, వీధి మొత్తం మీద మీ బోర్డే కనపడుతుంది. అదే ఫాంట్‌తో కింద ఫోన్ నంబరు అర అంగుళంలో వేస్తే 6, 8, 9 మూడూ నల్లటి బొట్లయిపోతాయి. రేడియం స్టిక్కర్ అయితే చిన్న 'ఈ' కన్ను పీకడానికి సూది పట్టాల్సిందే.

కాబట్టి దీన్ని పేరుకే వాడండి. మిగిలిన మ్యాటర్‌కు ఇంకో ఫాంట్ తీసుకోండి. అల్ట్రా ఇంకా బొద్దుగా, సర్కస్ పోస్టరు ఛాయలో ఉంటుంది. పిల్లల వస్తువులకు, తినుబండారాలకు సరదాగా ఉంటుంది కానీ ఆసుపత్రికో, ఆడిటర్ ఆఫీసుకో పెట్టకండి.

క్లారెండన్: మెత్తటి మూలల పెద్దమనిషి

1845లో లండన్ ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో బెంజమిన్ ఫాక్స్ ఈ అక్షరాలు చెక్కారు. ఫౌండ్రీ నడిపిన రాబర్ట్ బెస్లీ వాటిని చట్టప్రకారం రిజిస్టర్ చేయించారు. రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే పోటీదారులంతా తలా ఒక క్లారెండన్ చేసుకున్నారు. అందుకే ఇవాళ క్లారెండన్ అంటే ఒక ఫాంట్ పేరు కంటే ఒక ధోరణి పేరు.

ఎంపికకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇది గోడ కోసం పుట్టలేదు. మామూలు అక్షరాల పేరా మధ్యలో ఒక మాటను నొక్కి చెప్పడానికి పుట్టింది. నిఘంటువుల్లో అర్థం చెప్పాల్సిన మాట లావుగా, అర్థం సన్నగా ఉంటుంది చూశారా, ఆ పనికన్నమాట. ఆ గుణం ఇంకా పోలేదు. పక్కన మామూలు సెరిఫ్ ఫాంట్ పెట్టినా గొడవ పడదు.

పెద్ద 'ఆర్' తీసుకుని దగ్గరగా చూడండి. కుడికాలు కిందికి దిగి, నేలను తాకి, చివర కొద్దిగా పైకి లేస్తుంది, చెప్పు ముందు కొస వంచినట్టు. చిన్న 'ఏ', 'సీ', 'ఆర్' కొసల్లో గుండ్రటి బొట్లుంటాయి. మనవాళ్ల కళ్లకు ఆ బొట్టు పరాయిగా అనిపించదు, గుండ్రటి రాతకు అలవాటు పడ్డ కళ్లు కదా. లావు ఉంది, కానీ కటువుగా లేదు. నగల కొట్టు, స్వీట్ల కొట్టు, మూడు తరాల బట్టల దుకాణం, కథల సంపుటి అట్ట, వీటికి నేను మొదట తీసేది ఇదే.

ఉచితంగా కావాలంటే బెస్లీ అనే ఫాంట్ ఉంది, పాత యజమాని పేరే పెట్టారు. మామూలు బరువు నుంచి బాగా లావు వరకు, వాలు అక్షరాలతో సహా దొరుకుతుంది. మ్యాక్ వాడేవారికి సూపర్‌క్లారెండన్ కంప్యూటర్‌తోపాటే వస్తుంది. ఇబ్బంది ఒక్కటే: వెడల్పు. పొడవాటి పేరు సన్నటి బోర్డులో ఇరికించాలంటే ఇది కుదరదు. అప్పుడు చాలామంది మౌస్ పట్టుకుని పక్కల నుంచి నొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ దిమ్మెలు అలాగే లావుగా మిగులుతాయి. పొట్ట తగ్గి పాదాలు వాచినట్టుంటుంది. పేరును రెండు వరుసలు చేయండి, లేదా ఫాంట్ మార్చండి.

రాక్‌వెల్: వృత్తలేఖిని, స్కేలు పెట్టి గీసినట్టు

1927లో ఫ్యూచురా అనే ఫాంట్ వచ్చి జ్యామితి అక్షరాలకు గిరాకీ తెచ్చాక, జర్మనీలో అదే లెక్కకు దిమ్మెలు తొడిగారు. రుడాల్ఫ్ వోల్ఫ్ చేసిన మెంఫిస్, హైన్రిష్ యోస్ట్ చేసిన బెటాన్ అలా వచ్చాయి. బ్రిటన్‌లో మోనోటైప్ అనే అక్షరాల సంస్థ 1934లో రాక్‌వెల్ తెచ్చింది. ఇందులో 'ఓ' దాదాపు నిండు వృత్తం. గీతలన్నీ ఇంచుమించు ఒకే మందం. మూలలు పదును. పెద్ద 'ఏ' శిఖరం మీద కూడా ఒక పలక ఉంటుంది, కొట్టొచ్చినట్టు కనపడే గుర్తు అదే.

గేయోర్గ్ ట్రుంప్ 1930లో చేసిన సిటీ అనే ఫాంట్ కూడా ఈ బంధువర్గంలోదే, కాకపోతే వృత్తాల బదులు చతురస్రాలు. 1956లో డిజైనర్ పాల్ రాండ్ ఐబీఎం లోగోకు ఆ అక్షరాల ధోరణే తీసుకున్నారు. 1972లో అడ్డగీతల రూపం వచ్చింది. యంత్రాలు, ఇంజనీరింగ్, హార్డ్‌వేర్ షాపు, కోచింగ్ సెంటర్, కొత్త సాఫ్ట్‌వేర్ సంస్థ, ఇలాంటివాటికి ఈ వరుస బాగా కుదురుతుంది.

రాక్‌వెల్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వస్తుంది కాబట్టి చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికే ఉంటుంది. అయితే మీ కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన వెబ్‌సైటులో పెట్టుకునే హక్కు వచ్చినట్టు కాదు, దానికి లైసెన్సు వేరు. వెబ్‌కు రాకిట్ తీసుకోవచ్చు. అది ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది. ఆ లైసెన్సున్న ఫాంట్‌ను వ్యాపారానికి, అచ్చుకు, లోగోకు ఉచితంగా వాడుకోవచ్చు, ఫాంట్‌నే విడిగా అమ్మకూడదు. రాకిట్‌లో గమనించాల్సింది సైజు. అదే పాయింటు సైజులో పక్క ఫాంట్ల కంటే చిన్నగా కనిపిస్తుంది. అంకె చూసి కాకుండా కంటితో చూసి పెంచుకోండి.

ఎల్‌ఈడీ అక్షరాలకు నా ఓటు ఈ రకానికే. గీత మందం అంతటా ఒకటే కావడంతో వెలుతురు కూడా అంతటా ఒకేలా పరుచుకుంటుంది.

చదివే రకం: లావు తగ్గించుకుని మాట పెంచుకున్నవి

వీటి గురించి తక్కువే చెబుతాను, తెరచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. రోబోటో స్లాబ్ 2013లో వచ్చింది. బరువులు బోలెడు, వాలు అక్షరాలు లేవు. జిల్లా స్లాబ్‌ను 2017లో మొజిల్లా కోసం టైపోథెక్ అనే ఫాంట్ల సంస్థ చేసింది. దీనికి వాలు అక్షరాలున్నాయి. బిట్టర్ తెర మీద చదవడానికి చేసింది, చిన్న అక్షరాల ఒంటి ఎత్తు ఎక్కువ, కడుపుల్లో ఖాళీ ధారాళం. ఫోన్‌లో చదివే వ్యాసాలకు, సగం తెలుగు సగం ఇంగ్లీషుగా ఉండే తెలుగు సంఘాల సావనీర్లకు, మెనూ కార్డులకు మూడూ మంచివే. వ్యాసంలో పుస్తకాల పేర్లు వాలుగా వేసే అలవాటుంటే రోబోటో స్లాబ్ వదిలేసి బిట్టర్ తీసుకోండి. లేని వాలును కంప్యూటర్ బలవంతంగా వంచి తెస్తే దిమ్మెలన్నీ జారిపోతున్నట్టుంటాయి.

₹ గుర్తు పరీక్ష

రూపాయి గుర్తును ప్రభుత్వం ఆమోదించింది 2010 జులైలో. అంతకుముందు తయారై, ఆ తర్వాత సవరించని ఫాంట్లలో అది ఉండే అవకాశమే లేదు, తర్వాత తయారైన వాటిలో కూడా అన్నిట్లో ఉండదు. లేనప్పుడు కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా వేరే ఫాంట్‌లోంచి గుర్తు తెచ్చి పెట్టేస్తుంది.

ఒకసారి ఒక టిఫిన్ సెంటర్‌కు ధరల బోర్డు చేశాను. ఇడ్లీ, వడ, పెసరట్టు, పక్కన లావుపాటి అంకెలు. తెర మీద తొందరలో గమనించలేదు. బోర్డు గోడకెక్కాక చూస్తే 40 అంకె ఇటుకలా ఉంది, దాని ముందు ₹ పుల్లలా ఉంది. పన్నెండు వరుసల్లో పన్నెండు పుల్లలు. యజమాని ఏమీ అనలేదు గానీ నాకు మనసొప్పక మళ్లీ చేశాను. ఆ ఫాంట్ పెద్ద 'ఆర్'లోంచి పై వంపు తీసుకుని, నిలువు గీత తీసేసి, రెండు అడ్డగీతలు దిమ్మెల మందంతోనే గీసి గుర్తు తయారు చేశాను. ఇప్పుడు ఏ ఫాంట్ తెరిచినా మొదట కొట్టేది ₹ గుర్తే.

పక్కన తెలుగు ఉంటే

మన బోర్డుల్లో ఇంగ్లీషు ఒంటరిగా ఉండేది తక్కువ. అసలు ఎంపిక ఇక్కడే జరగాలి.

తెలుగు అక్షరానికి దిమ్మెలు లేవు, పెట్టకూడదు కూడా. ఇంగ్లీషుకు జోడీ కుదరాలని 'క' కింద, 'ల' కొసకు పలకలు అతికించిన డిజైన్లు చూశాను. చదివేవాళ్లకు అవి వత్తుల్లా కనపడి తడబడతారు. జోడీ కలపాల్సింది ఆకారంలో కాదు, నలుపులో. రెండు వరుసలూ సగం కళ్లు మూసుకుని చూస్తే ఒకే ముదురులో ఉండాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో కూర్చుంటాయి. తెలుగు అలా కాదు. 'లక్ష్మి' అనే మాట చూడండి: పైన గుడి, మధ్యలో 'క' ఒళ్లు, కింద షకార మకారాల వత్తులు. మొత్తం ఎత్తును ఇంగ్లీషు ఎత్తుకు సమానం చేస్తే 'ల' ఒళ్లు సగానికి కుంచించుకుపోతుంది, ఇంగ్లీషు తెలుగు మీద పెత్తనం చేస్తుంది. 'ల' ఒంటి ఎత్తును ఇంగ్లీషు చిన్న 'ఎక్స్' ఎత్తుతో పోల్చండి, దానికంటే కొంచెం ఎక్కువే ఉంచండి. వత్తులకు కింద చోటు విడిగా వదలండి. గీత మందం మాత్రం తెలుగులో ఒక పిసరు తగ్గించండి. మన అక్షరంలో మెలికలు ఎక్కువ కాబట్టి అదే మందం పెడితే ముద్దగా కనిపిస్తుంది.

ఏ తెలుగు ఫాంట్ అంటే, పోస్టర్ లావు పక్కన సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర నిలబడగలదు. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టుకున్న ఫాంట్ అది. రాక్‌వెల్ వరుసకు ఏక్ టైప్ వారి అనేక్ తెలుగు బాగా కలుస్తుంది. బరువూ వెడల్పూ రెండూ జరుపుకోవచ్చు కాబట్టి కంటికి సరిపోయేదాకా సరిచూసుకోవచ్చు. రాక్‌వెల్ నిండు 'ఓ' పక్కన మన సున్నా వచ్చిందంటే ఆ రెండు గుండ్రాలూ తోబుట్టువుల్లా ఉంటాయి. క్లారెండన్‌కూ, చదివే రకానికీ నోటో సెరిఫ్ తెలుగు నప్పుతుంది, గీతలో సన్నం, లావు తేడా ఉంటుంది కనుక. టిరో తెలుగు చదవడానికి ఎంతో అందమైనది, కానీ దానికి బోల్డ్ లేదు. చుట్టూ అంచుగీత వేసి దాన్ని లావు చేయొద్దు, తలకట్టు, కడుపు కలిసిపోతాయి.

డీటీపీ సెంటర్లలో వాడే అనూ తెలుగు ఫాంట్లతో పనిచేసే చోట తెలుగు బరువు మన చేతిలో ఉండదు, ఉన్నదే ఉంది. అప్పుడు వరుస తిరగేయండి. ముందు తెలుగు పెట్టి, దానికి సరిపడేలా ఇంగ్లీషు బరువు దించండి. అందుకు బరువులు ఎక్కువున్న రోబోటో స్లాబ్, బిట్టర్ పనికొస్తాయి. ఒకే బరువున్న ఆల్ఫా స్లాబ్‌ను ఎటూ జరపలేరు.

ఓకే చెప్పేముందు

తెర మీద చూసి ఖాయం చేయకండి. రెండు మూడు ఫాంట్లలో మీ పేరే, మీ ఫోన్ నంబరే, ఒక ధరతో సహా ఏ4 కాగితం మీద తీయించి గోడకు అంటించండి. 20 అడుగులు వెనక్కి వెళ్లండి. ఆ దూరానికి 2 అంగుళాల అక్షరం లెక్క కాబట్టి కాగితం మీద పేరు ఆ ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి అద్దాలు లేకుండా నంబరు చదవమనండి. 3ను 8 అంటే, 6ను 9 అంటే ఆ ఫాంట్ నంబరుకు పనికిరాదు, పేరుకే ఉంచండి.

ప్రెస్సుకు పంపేటప్పుడు కోరల్‌డ్రాలో కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మగా మార్చి పంపండి, వాళ్ల దగ్గర ఆ ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది. కర్వ్స్ చేయని ఫైలు ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి. పెసరట్టు ధర పెరిగిన రోజున అదే కావాలి.